పూర్తధర్మం: లింగంపల్లి చెరువులు అడిగే ప్రశ్న

ప్రతి వర్షర్తువులోను లింగంపల్లి రైల్వే వంతెన క్రింది మార్గం వార్తలకెక్కుతుంది. ఒక్క గట్టి వాన కురిస్తే చాలు, ఆ మార్గం జలమయమవుతుంది, వాహనాలు నిలిచిపోతాయి, హైటెక్ సిటీ దాకా ఆ స్తంభన ప్రభావం కనిపిస్తుంది. దారిలోకి నీరు వచ్చిందని జనం వాపోతారు. చరిత్ర తెలిసినవారికి ఆ వాక్యం తలక్రిందులుగా వినిపిస్తుంది. నీటి దారిలోకే మనుష్యుడు వచ్చాడు. నీరు పల్లమెరుగునన్న సామెత ఈ నేల మీద పుట్టిందే. శతాబ్దాలుగా ఏ పల్లం వెంట ప్రవహించి ఏ చెరువును చేరిందో, నేటికీ ఆ పల్లాన్నే అది వెదుకుతోంది. చెరువు మాత్రం అక్కడ లేదు, లేదా ఉన్నా పూర్వపు పరిమాణంలో లేదు.

ఇది కేవలం పురపాలక సమస్య అనుకుంటే విషయం అక్కడితో ముగుస్తుంది. కాని భారతీయ శాస్త్రదృష్టిలో చెరువు ఒక ఇంజనీరింగ్ నిర్మాణం మాత్రమే కాదు. అది ఒక త్యాగరూపం. ఆ త్యాగం ఎవరు చేశారు, ఎవరి కోసం చేశారు, దానిని రక్షించవలసిన బాధ్యత ఎవరిది అన్న ప్రశ్నలు ఇందులో ఉన్నాయి. అందుచేత లింగంపల్లి పరిసరాల చెరువుల కథ ధర్మజిజ్ఞాసువులకు కూడ సంబంధించినదే.

ఇష్టం, పూర్తం

వైదిక సంప్రదాయం సత్కర్మలను రెండు విధాలుగా విభజించింది: ఇష్టం, పూర్తం. అగ్నిహోత్రాది యజ్ఞకర్మలు ఇష్టం. బావులు, దిగుడుబావులు, తటాకాలు, దేవాలయాలు, ఉద్యానాలు, అన్నసత్రాలు పూర్తం. ఈ రెంటినీ కలిపి ఇష్టాపూర్తములన్నారు. ఇష్టానికి అధికార నియమాలు ఉన్నాయి. పూర్తం విషయంలో ధర్మశాస్త్రకారులు ద్వారం విశాలంగా తెరిచారు. శ్రౌతకర్మలో అధికారం లేదని చెప్పబడినవారు సైతం చెరువు త్రవ్వించి ఆ పుణ్యానికి పాత్రులు కావచ్చునన్నారు. శాసనాలలో రాజులతో పాటు రాణులు, సేనానులు, వర్తకులు, గ్రామసముదాయాలు చెరువుల నిర్మాతలుగా కనిపించడానికి ఇదొక కారణం.

చెరువు త్రవ్వించడంతో పూర్తం పూర్తి కాదు. ఆ తర్వాత ‘ఉత్సర్గం’ అనే విధి ఉంది. మత్స్యపురాణం తటాకవిధిని ఒక ప్రత్యేకాధ్యాయంలో వివరించింది. హేమాద్రి, రఘునందనుడు వంటి నిబంధకారులు దీనిని విస్తరించారు. రఘునందనుడు జలాశయోత్సర్గతత్త్వమని ఒక గ్రంథమే వ్రాశాడు. ఆ విధి సారమిది: చెరువును నిర్మించినవాడు దానిపై తన స్వత్వాన్ని విడిచిపెట్టి, ఆ జలాన్ని సర్వభూతాలకు సమర్పిస్తాడు.

ఇక్కడ శాస్త్రకారులు దానానికి, ఉత్సర్గానికి ఒక సూక్ష్మభేదం చెప్పారు. దానంలో దాత తన స్వత్వాన్ని వదలి, మరొకరి స్వత్వాన్ని కల్పిస్తాడు. గోవును దానం చేస్తే అది పుచ్చుకొన్నవాడిది. దాత ఇక దాని పాలు పితుకరాదు. ఉత్సర్గంలో స్వత్వత్యాగం ఉంది కాని ప్రత్యేకమైన ప్రతిగ్రహీత లేడు. సర్వప్రాణులూ ప్రతిగ్రహీతలే. అందుచేత చెరువు త్రవ్వించినవాడు కూడ దానిలో స్నానం చేయవచ్చు, దాని నీరు త్రాగవచ్చు. అయితే యజమానిగా కాదు, అసంఖ్యాక ప్రాణులలో తానొక ప్రాణిగా మాత్రమే.

ఈ భేదంలో వేదాంతసారం దాగి ఉంది. ‘నాది’ అన్న భావాన్ని వదలిన వస్తువును తిరిగి అనుభవించడం ఎలాగో ఉత్సర్గం చూపుతుంది. మమకారత్యాగం అంటే వస్తువుకు దూరంగా పారిపోవడం కాదు. దాని నడుమనే నిలిచి, దానికి స్వామిని కానని తెలిసి ఉండడం. గీత మూడవ అధ్యాయంలో అన్నం, వర్షం, యజ్ఞం, కర్మ ఒక చక్రంగా వర్ణింపబడ్డాయి. పొందినదానిని తిరిగి ఇవ్వక తానే అనుభవించేవాడు దొంగయేనని అక్కడి నిర్ణయం. చెరువు ఆ చక్రానికి నేల మీద కనిపించే ఆకృతి.

పల్లెపేర్లలో నిలిచిన నీరు

తెలంగాణ దక్కన్ పీఠభూమిపై ఉంది. నేల క్రింద గట్టి శిల, పైన పలుచని మన్ను. వర్షం కొన్ని నెలలకే పరిమితం. జీవనదుల కాలువలు సహజంగా అందని ఈ ఎత్తుభూమిలో నాగరికత నిలవాలంటే కురిసిన నీటిని నిలుపుకోక తప్పదు. అందుకే ఇక్కడి గ్రామం చెరువు చుట్టూ పుట్టింది. లింగంపల్లికి పడమట కొద్ది దూరంలోని పటాన్‌చెరు పేరులోనే చెరువు ఉంది. దాని పూర్వనామంగా చరిత్రకారులు గుర్తించిన ‘పొట్టలకెరె’లోని ‘కెరె’ కూడ కన్నడంలో చెరువే. పశ్చిమ చాళుక్యరాజు జయసింహ జగదేకమల్లుని కాలంలో అది రాజధానీవైభవాన్ని అనుభవించింది. జైనధర్మానికి పెద్ద నెలవుగా ఉన్నది. రాజ్యం మారింది, భాష మారింది, మతప్రాబల్యం మారింది. చెరువు మాత్రం పేరులో నిలిచింది.

శేరిలింగంపల్లి పరిసరాలలో నేటికీ వినిపించే పేర్లను వరుసగా తలచుకొంటే ఒక జలపటం కళ్ల ముందు నిలుస్తుంది: గోపి చెరువు, నల్లగండ్ల చెరువు, చందానగర్ వద్ద గంగారం చెరువు, మియాపూర్ పటేల్ చెరువు, ఖాజాగూడ పెద్ద చెరువు, రాయదుర్గం వద్ద మల్కం చెరువు, మాదాపూర్ దుర్గం చెరువు. ఈ దుర్గం చెరువే కుతుబ్ షాహీల కాలంలో గోల్కొండ కోటకు త్రాగునీరిచ్చిందని ప్రసిద్ధి.

ఇటువంటి చెరువులు ఒంటరివి కావు. ఎగువ చెరువు నిండితే దాని మత్తడి దూకిన నీరు వాగు వెంట దిగువ చెరువుకు చేరుతుంది. అది నిండితే దాని అలుగు మీదుగా మరొకదానికి. దీనినే గొలుసుకట్టు అంటారు. గొలుసులో ఒక్క కొక్కెం తెగినా రెండు అనర్థాలు కలుగుతాయి: పైన ముంపు, క్రింద ఎండ. ఎండాకాలంలో చెరువులో పేరుకొన్న ఒండ్రుమట్టిని బండ్లపై పొలాలకు తోలేవారు. చెరువుకు లోతు, చేనుకు సారం ఒకేసారి సమకూరేవి. తూము తెరిచి ఎవరి మడికి ఎంత నీరు పారవలెనో చూచేందుకు నీరటి ఉండేవాడు. కట్ట మరమ్మతుకై ఆయకట్టు ఫలంలో ఒక భాగాన్ని కేటాయించే దశబంధం వంటి మాన్యాలు ఉండేవి.

కట్ట మీద కట్టమైసమ్మ ఉండేది. ఆ తల్లి గుడి కట్ట మీదనే ఉండడంలో గ్రామీణ వివేకం ఉంది: చెరువు తెగితే ముందు పోయేది ఊరే. అందుకే కట్టకు కాపలా దేవతకు అప్పగించి, ఆ దేవతకు బోనం ఎత్తే నెపంతో ఏటేటా ఊరంతా కట్ట మీద నడిచి దాని స్థితిని కళ్లారా చూచుకొనేది. బతుకమ్మను చెరువులో సాగనంపే ఆచారంలోనూ ఇదే భావం కనిపిస్తుంది. వానలు వెనుదిరిగే వేళ, నిండిన చెరువును స్త్రీలు పూలతో పలకరించే పండుగ అది.

సప్తసంతానం

కాకతీయులు ఈ పూర్తధర్మాన్ని రాజనీతిగా మలచారు. పుత్రుడు, తటాకం, దేవాలయం, వనం, అగ్రహారం, నిధి, కావ్యప్రబంధం — ఈ ఏడింటినీ సప్తసంతానమన్నారు. దేహజనితుడైన పుత్రునితో సమానస్థానం చెరువుకు లభించింది. మత్స్యపురాణం ఒకచోట బావులకు, దిగుడుబావులకు, తటాకాలకు, పుత్రులకు, వృక్షాలకు పదింతల లెక్కన ఆరోహణక్రమం కల్పించి చెట్టును శిఖరాన నిలిపింది. సంతానమంటే ‘తెంపులేని కొనసాగింపు’ అని ధాత్వర్థం. తనతో ముగియనిది ఏదైనా సంతానమే.

గణపతిదేవుని పాలనలో ఆయన సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో రుద్రేశ్వరాలయాన్ని ప్రతిష్ఠించాడు. దాని సమీపాన విశాలమైన తటాకం వెలసింది. ఆ దేవాలయం 2021లో ప్రపంచవారసత్వ స్థలమైంది. గుడికి కీర్తి వచ్చింది. చెరువు ఇప్పటికీ పొలాలకు నీరిస్తూనే ఉంది. పాకాల, లక్నవరం ఆ యుగపు కీర్తిశరీరాలే. గణపతిదేవుని సోదరి మైలాంబ బయ్యారంలో చెరువు త్రవ్వించింది. అక్కడి శాసనం కాకతీయుల వంశక్రమాన్ని నిర్ణయించడానికి చరిత్రకారులకు ముఖ్యాధారమైంది. వంశచరిత్ర చెరువుకట్ట శాసనంలో దొరకడం యాదృచ్ఛికం కాదు. తమను భావితరాలు ఎక్కడ వెదకాలో ఆ వంశం వారికి తెలుసు.

ఈ విద్యకు పరాకాష్ఠ కడప జిల్లా పోరుమామిళ్ల శాసనం. విజయనగర ప్రభువైన బుక్కరాయల కుమారుడు భాస్కరుడు 1369లో అక్కడ అనంతరాజసాగరాన్ని నిర్మించాడు. వేయిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల కాలం పట్టినట్లు శాసనం చెబుతోంది. అంతేకాక మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, చెరువును చెరిచే ఆరు దోషాలను అది క్రమంగా లెక్కపెట్టింది. ధర్మాత్ముడైన రాజు, జలశాస్త్రవేత్త, గట్టినేల, తీయని నీటి నది, కొండల నడుమ దృఢమైన రాతికట్ట, విశాలమైన లోతైన గర్భం, నిపుణులైన పనివారు — ఇవి ఆ అంగాలలో కొన్ని. దోషాలలో మొదటిది కట్ట నుండి నీరు కారడం. రెండవది చౌడునేల. మూడవది రెండు రాజ్యాల సరిహద్దున చెరువు ఉండడం. నాలుగవది గర్భమధ్యంలో మెట్ట ఉండడం. అయిదవది నీరు తక్కువై పారవలసిన నేల ఎక్కువ కావడం. ఆరవది నీరు ఎక్కువై నిలిచే చోటు చాలకపోవడం.

ఆరున్నర శతాబ్దాల నాటి ఈ జాబితాను నేటి నగరం పక్కన పెట్టి చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. మూడవ దోషం నాడు రెండు రాజ్యాలది. నేడు ఒకే చెరువు మీద రెవిన్యూ, నీటిపారుదల, పురపాలక శాఖల అధికారాలు కలుస్తాయి. ఎవరి హద్దు ఎక్కడ ముగుస్తుందో తేలేలోపు చెరువే ముగిసిపోతుంది. నాల్గవ దోషం నాడు సహజమైన మెట్ట. నేడు లారీలతో తెచ్చి పోసిన మట్టి. ఆరవ దోషం వర్షాకాలపు ప్రతి వార్తలోను ఉంది: నీరు ఉంది, చోటు లేదు.

నీరు దూరమైన కథ

లింగంపల్లి నేలపై మార్పు ఒక్కనాట రాలేదు. నిజాం రాజ్యంలో 1874లో వాడి–సికింద్రాబాద్ రైలుమార్గం ప్రారంభమై ఈ పల్లెల మీదుగా సాగింది. 1908 సెప్టెంబరు 28న మూసీ ఉప్పొంగి హైదరాబాదులో వేలాది ప్రాణాలను హరించింది. ఆ విషాదం తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో నగరరక్షణకు జలాశయాల యోచన సాగింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ సిద్ధమయ్యాయి. వరదను ఆపే కట్టడమే త్రాగునీటి నిధి కావడం దక్కన్ చెరువు సిద్ధాంతానికి ఆధునిక రూపం. ఎగువ నీటి పరీవాహాన్ని కాపాడకపోతే ఈ జంట జలాశయాలు నిలవవన్న ఎరుకతో 1996లో 111 సంఖ్య గల ప్రభుత్వ ఉత్తర్వు పది కిలోమీటర్ల పరిధిలో నిర్మాణాలను నియంత్రించింది; 2022లో ఆ నియంత్రణలను తొలగిస్తూ మరొక ఉత్తర్వు వెలువడింది. చెరువును రక్షించడమా, చెరువు మీది నేలను వినియోగించడమా అన్న వివాదం ఇప్పటికీ కొనసాగుతోంది.

స్వాతంత్ర్యానంతరం రామచంద్రాపురంలో భెల్ కర్మాగారం, 1972లో పటాన్‌చెరు వద్ద ఇక్రిశాట్ వచ్చాయి. 1969 తెలంగాణ ఉద్యమం, 1972–73 జై ఆంధ్ర ఉద్యమం తర్వాత 1973లో కుదిరిన ఆరు సూత్రాల ఒప్పందంలో హైదరాబాదులో కేంద్రీయ విశ్వవిద్యాలయ స్థాపన ఒక అంశమైంది. దానికై రాజ్యాంగాన్ని సవరించి 371ఇ అధికరణాన్ని చేర్చారు. ఆ విధంగా 1974లో స్థాపితమైన హైదరాబాదు విశ్వవిద్యాలయానికి లింగంపల్లి–గచ్చిబౌలి నడుమ రెండువేల ఎకరాలకు పైబడిన రాతిగుట్టల అరణ్యం లభించింది. అందులో కొలనులున్నాయి, నెమళ్లున్నాయి, జింకలున్నాయి. మహాశిలాయుగపు సమాధులు కూడ బయల్పడ్డాయి. 1998 నవంబరులో ప్రధాని అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. 2003 ఆగస్టులో ఎంఎంటీఎస్ రైళ్లు లింగంపల్లిని నగరహృదయంతో ముడివేశాయి. 2007లో శేరిలింగంపల్లి పురపాలక సంఘం మహానగరపాలక సంస్థలో లీనమైంది.

ఈ వరుసలో చెరువుకు ఏమైంది? ఎవరో ఒకరు దుర్మార్గంతో దానిని చంపారని చెప్పడం సులభం; నిజం అంతకంటె సూక్ష్మం. 1965 నుండి మంజీర నీరు గొట్టాల ద్వారా నగరానికి అందింది. తర్వాత కృష్ణ వచ్చింది, గోదావరి వచ్చింది. వంద కిలోమీటర్ల దూరపు నది కొళాయిలోకి వచ్చిన రోజున, వంద అడుగుల దూరంలోని చెరువుతో ఇంటికి పని లేకపోయింది. పొలాలు స్థలాలైన నాడు ఆయకట్టు లేకపోయింది. ఆయకట్టు లేనిచోట నీరటి లేడు. నీరటి లేనిచోట తూము మూసుకుపోయినా అడిగేవారు లేరు. గ్రామాధికార వ్యవస్థ 1984లో రద్దైంది. ఆ వ్యవస్థలో అన్యాయం పుష్కలంగా ఉండేది, దాని రద్దు అవసరమే. కాని చెరువును కళ్లతో చూచే పని ఎవరికి సంక్రమించిందో స్పష్టం కాలేదు. ప్రయోజనం నశించిన చెరువు చూపరులకు నీరుగా కాక ఖాళీస్థలంగా కనబడింది.

శిఖం భూముల సంగతి ఇందుకు నిదర్శనం. చెరువు గర్భంలో, నీరు వెనుదిరిగిన కాలంలో సాగు చేసుకొనే నేల శిఖం. దానిలో కొంత పట్టాభూమిగా కూడ ఉంది. పట్టా ఉన్నా హక్కు కాలపరిమితం: నీరున్నంత కాలం నీటిది, నీరు తొలగినప్పుడు నాగలిది. ఋతువుతో మారే ఈ స్వామ్యాన్ని ఋతువులెరుగని దస్తావేజు శాశ్వతస్వామ్యంగా మార్చింది. నేడు నిబంధనల ప్రకారం పూర్తి నిల్వమట్టం లోపల నిర్మాణం నిషిద్ధం. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువు చుట్టూ 30 మీటర్లు, అంతకంటె చిన్నదాని చుట్టూ 9 మీటర్లు ఖాళీగా ఉంచాలి. నియమం ఉంది. కాని నియమం తెలియక జీవితార్జితమంతా పోసి ఇల్లు కొనుక్కొన్న మధ్యతరగతి గృహస్థునికి, ఆ ఇల్లు చెరువులో ఉందని వరద వచ్చిననాడో యంత్రం వచ్చిననాడో తెలుస్తోంది. ఆక్రమించినవాడు అమ్ముకొని వెళ్లిపోయిన తర్వాత శిక్ష కొన్నవానికి మిగలడం ధర్మసంకటం. 2024లో హైడ్రా ఏర్పడిన తర్వాత జరిగిన కూల్చివేతలలో ఈ సంకటం నగరమంతటికీ ప్రత్యక్షమైంది.

ధర్మస్థానం నుండి న్యాయస్థానానికి

ప్రాచీన స్మృతులు ఈ విషయంలో మృదువుగా లేవు. తటాకాన్ని ఛేదించినవానికి మనువు ప్రాణదండనం వరకు చెప్పాడు. దానిని తిరిగి బాగుచేస్తే ఉత్తమసాహస దండంతో విడువవచ్చునన్నాడు. చెరువులోకి నీరు వచ్చే దారిని చెడగొట్టడం కూడ ఆ స్మృతిలో ప్రత్యేకాపరాధం. నాలాను పూడ్చడం చెరువును పూడ్చడమేనని అప్పటికే తెలుసునన్నమాట. కౌటిల్యుడు దండంతో పాటు ప్రోత్సాహాన్ని చూపాడు: కొత్త చెరువు కట్టినవారికి అయిదేళ్లు, చెడిపోయి విడువబడినదాన్ని బాగుచేసినవారికి నాలుగేళ్లు, తుప్పలు పెరిగినదాన్ని శుభ్రపరచినవారికి మూడేళ్లు పన్ను మినహాయింపు.

ఆధునిక భారతంలో ఈ బాధ్యతను న్యాయస్థానాలు తలకెత్తుకొన్నాయి. 1976లో రాజ్యాంగంలో చేరిన 51ఎ అధికరణం అరణ్యాలను, సరస్సులను, నదులను రక్షించడాన్ని పౌరుల ప్రాథమిక విధిగా పేర్కొన్నది. కమల్‌నాథ్ కేసు తీర్పులో సర్వోన్నత న్యాయస్థానం ‘ప్రజాన్యాస’ సిద్ధాంతాన్ని భారతీయ న్యాయంలో ప్రతిష్ఠించింది: ప్రకృతిసంపదకు ప్రభుత్వం యజమాని కాదు, ధర్మకర్త మాత్రమే. ఆ తీర్పు ఈ భావానికి మూలాన్ని రోమన్ న్యాయంలో చూపింది. అది తప్పు కాదు. అయితే యజమానత్వాన్ని విడిచి సర్వభూతాలకు సమర్పించే ఉత్సర్గవిధి ఇక్కడి చెరువుగట్లపైనే తరతరాలుగా జరిగింది. రోమ్ చెప్పినది న్యాయసూత్రం. ఇక్కడ అది సంకల్పజలంతో జరిపిన కర్మ.

తిరుపతి విషయమొకటి ఈ సందర్భంలో మరువరానిది. అవిలాల, పేరూరు చెరువుల భూములను గృహనిర్మాణానికి కేటాయించిన వివాదంలో 2006లో సర్వోన్నత న్యాయస్థానం ప్రజాన్యాస సిద్ధాంతాన్ని ధ్రువీకరించింది. కాని అప్పటికే జరిగిన నిర్మాణాల దృష్ట్యా కాలచక్రాన్ని వెనుకకు త్రిప్పలేక, ఇకపై కొత్త నిర్మాణాలు చేపట్టరాదని, వాననీటిని నిలుపుకోవాలని పరిమితమైన ఆదేశాలిచ్చింది. వేంకటాచలపతి పాదాల చెంత ఉన్న చెరువులకే సిద్ధాంతవిజయం లభించి నీరు లభించకపోతే, తక్కిన చెరువుల గతి ఊహించవచ్చు. ఆలస్యమైన ధర్మం ఎంత సత్యమైనా అర్ధఫలమే ఇస్తుంది.

లింగంపల్లికి ఆనుకొన్న కంచ గచ్చిబౌలిలో 2025లో జరిగినది దేశమంతా చూచింది. విశ్వవిద్యాలయాన్ని అంటిపెట్టుకొన్న 400 ఎకరాలపై వివాదం 2003 నాటి కేటాయింపుతో మొదలై, 2006లో దాని రద్దుతో, అనంతరం సుదీర్ఘ వ్యాజ్యంతో సాగి, 2024లో ప్రభుత్వానికి అనుకూలంగా ముగిసింది. 2025 మార్చి చివర యంత్రాలు వృక్షాలను తొలగించడం మొదలుపెట్టగా విద్యార్థులు అడ్డుకొన్నారు. ఏప్రిల్ 3న సర్వోన్నత న్యాయస్థానం తనంతట తానే విషయాన్ని చేపట్టి పనులను నిలిపివేసింది. అప్పటికే సుమారు వంద ఎకరాలలో చెట్లు నేలకొరిగినట్లు న్యాయస్థానానికి నివేదిక అందింది. ప్రభుత్వం తన వాదాన్ని స్వామ్యంపై నిలిపింది: భూమి మాది, రాష్ట్రాదాయానికి, ఉద్యోగకల్పనకు వినియోగిస్తున్నాము. యువతకు ఉపాధి కల్పించడం కూడ రాజధర్మమే కనుక ఆ వాదాన్ని తేలికగా కొట్టివేయరాదు. కాని న్యాయస్థానం అడిగిన ప్రశ్న వేరు: స్వామ్యం ఎవరిదైనా, అనుమతులు లేకుండ చెట్లను కొట్టవచ్చునా? ‘ఎవరిది’ అన్నది ఒక ప్రశ్న, ‘ఎవరి కోసం’ అన్నది మరొకటి. ఉత్సర్గం ఈ రెండవ ప్రశ్నకే సమాధానం.

మచ్చను దాచరాదు

పూర్తధర్మాన్ని కీర్తించేటప్పుడు ఒక సత్యాన్ని దాటవేయడం అధర్మం. సంకల్పంలో ‘సర్వభూతములకు’ అన్న నోరే గట్టు మీద కొందరు మానవులను దూరంగా నిలబెట్టింది. పశువు త్రాగిన చెరువులో మనిషి త్రాగరాదన్నారు. 1927 మార్చి 20న మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ అంబేద్కర్ వేలాది అనుచరులతో చవదార్ చెరువుకు నడచివెళ్లి ఆ నీటిని త్రాగవలసివచ్చింది. దానిపై వ్యాజ్యం పదేళ్లు సాగి 1937లో బొంబాయి హైకోర్టులో ఆయన పక్షం నెగ్గింది.

ఆనాడు మహాడ్‌లో ఉల్లంఘింపబడింది ఏమిటి? ఆచారమని కొందరన్నారు. శాస్త్రదృష్టిలో విచారిస్తే, ఉత్సర్గవాక్యాన్ని ఆనాటి వరకు ఉల్లంఘించినవారు అడ్డు నిలిచినవారే; దానిని తొలిసారిగా నిజం చేసినవాడు చేతితో నీరు తీసుకొన్నవాడే. సర్వభూతాలలో మనిషిని చేర్చని పుణ్యం పుణ్యమెట్లవుతుంది? పూర్వం కొందరిని గట్టు నుండి తరిమిన మమకారం, నేడు చెరువునే తరిమే మమకారం — రెండూ ఒకటే. రెండింటికీ మూలం ‘ఇది మాది’ అన్న మాట.

అనుపాలనం

ఒక విచిత్రం గమనింపదగినది. ఉత్సర్గంతో చెరువు ఎవరిదీ కాకుండ పోతుంది. ఎవరిదీ కాని వస్తువుకు రెండు గతులు ఉన్నాయి. ‘ఇది అందరిదీ’ అని ప్రతివాడూ అనుకొంటే అది దేవాలయమవుతుంది. ‘ఇది ఎవరిదీ కాదు’ అని ప్రతివాడూ అనుకొంటే అది మొదట చెత్తకుప్ప, తర్వాత స్థలం అవుతుంది. చట్టం హద్దురాళ్లు పాతగలదు, కెమెరాలు నిలుపగలదు, జరిమానా విధించగలదు. మొదటి భావాన్ని మాత్రం పుట్టించలేదు. అది సంస్కారం చేయవలసిన పని.

పూర్వుల తామ్రశాసనాలు, శిలాశాసనాల చివర ఒక భావం మళ్లీ మళ్లీ కనబడుతుంది: తాను చేసిన దానం కంటె, ఇతరులు చేసినదానిని పాలించడం శ్రేష్ఠం. శాసనం వేయించిన రాజు తన కీర్తిని చెప్పుకొన్న తర్వాత, రాబోయే అజ్ఞాతరాజులకు చేతులు జోడించి చేసే ప్రార్థన అది. తన వంశం నిలవదని అతడికి తెలుసు. తన చెరువు నిలవాలంటే తనను ఎరుగనివారి దయ కావాలనీ తెలుసు. నిర్మాణంలో కర్తృత్వాభిమానానికి చోటుంది; శిలపై పేరు చెక్కించుకోవచ్చు. అనుపాలనంలో ఆ చోటు లేదు. పూడిక తీసినవాని పేరు, తూము ముందరి గడ్డి పెరికినవాని పేరు ఎవరూ చెక్కరు. అందుచేత అది నిష్కామకర్మకు మరింత సమీపంలో ఉంది.

లింగంపల్లి నేల మీద కొత్త చెరువు త్రవ్వే చోటు ఇక లేదు. భాస్కరుని వేయిమంది కూలీలు, వంద బండ్లు ఇప్పుడెవరికీ అక్కరలేదు. ఈ తరానికి నిర్మాతల పుణ్యం దక్కదు. కాని అంతకంటె శ్రేష్ఠమని శాసనాలు చెప్పిన పాలకుల పుణ్యం ఎదురుగా నిలిచి ఉంది. వినాయకుణ్ణి మట్టితో చేసి నిమజ్జించడం, ఇంటి మురుగు ఎక్కడికి పోతున్నదో తెలుసుకోవడం, స్థలం కొనేముందు గ్రామపటంలో నీటి గీతను చూడడం, బోనమెత్తిన రోజున కట్టమైసమ్మతో పాటు కట్టను కూడ చూడడం — ఇవన్నీ పూర్తకర్మలే. వీటికి అధికారభేదం లేదు, ముహూర్తం అక్కరలేదు.

సంకల్పంలో జలం విడిచి ‘ఇది నాది కాదు’ అన్న పూర్వుని మాట నేటికీ చెల్లుతుంది. ఆ మాట విన్న ప్రాణులలో ఇంకా పుట్టనివారు కూడ ఉన్నారు. వారి వాటాను వారి రాక వరకు భద్రంగా ఉంచడమే పూర్తధర్మం.

స్వస్తి.